ల్యాప్‌టాప్ నుదుటి బొట్టు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసగా నిలబెడితే మా ఊరి నుంచి గుంటూరు దాకా వస్తాయి. వాటిలో అందరికంటే ముందు నిలబడేది ఇది. ఒక్క బొట్టుతో ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి మీరు చూసి ఉండరు. చూడండి, నేనే!

డిగ్రీ అయిపోయి రెండేళ్ళు ఖాళీగా ఉన్నాను. గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీకి కంప్యూటర్ పాఠాలు చెప్పేవాళ్ళు కావాలని తెలిసింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి, గురువారం సాయంత్రం అయిదింటితో గడువు సరి. నాన్న ఆ ఏడాది మిరపకాయలు అమ్మగానే నాకు కొత్త ల్యాప్‌టాప్ కొనిపెట్టాడు. ఆ ఉద్యోగం రాకపోతే మళ్ళీ ఆయన మొహం చూడలేననుకున్నాను.

గురువారం ఒంటిగంటన్నరకల్లా దరఖాస్తు నింపేశాను. ఇక సబ్మిట్ నొక్కడమే మిగిలింది.

"ఆగరా! రాహుకాలం వచ్చింది. మూడు దాటాక నొక్కు" అన్నాడు నాన్న.

ఆగాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా! ఖాళీగా ఉన్న బుర్రకి, కొత్త ల్యాప్‌టాప్‌కి ఇంకా పూజ చేయలేదని గుర్తొచ్చింది. మా ఇంట్లో ట్రాక్టరు వచ్చినా, మోటార్ సైకిల్ వచ్చినా చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే బయటికి తీస్తాం.

"ఒరేయ్, దీనికి చక్రాలు లేవు కదరా?" నాన్నకి అనుమానం వచ్చింది.

"చక్రాలు లేకపోతే ఏం నాన్నా, బరువుంది కదా!"

చూశారా, కంప్యూటర్ మేష్టారి తర్కం! ల్యాప్‌టాప్ మూలతో నిమ్మకాయను నలగ్గొట్టాను. ఆ రసంలోనే కుంకుమ తడిపాను. బొట్టు నుదుటి మీద పెట్టాలి. ల్యాప్‌టాప్‌కి నుదురెక్కడ? టచ్‌ప్యాడ్ నున్నగా, వెడల్పుగా, అచ్చం మా మామయ్య నుదురులా కనిపించింది. రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, ఎండలో ఆరబెట్టి, మూడింటికి గుడ్డతో శుభ్రంగా తుడిచాను.

దణ్ణం పెట్టుకుని సబ్మిట్ నొక్కాను. బాణం గుర్తు చక్కగా కదులుతోంది, క్లిక్ మాత్రం పడటం లేదు. వేలితో నొక్కాను. బొటనవేలితో నొక్కాను. మోచేత్తో కూడా నొక్కాను. చివరికి బతిమాలాను. ఏడుపు తన్నుకొచ్చింది.

"రాహుకాలం పోలేదేమోరా" అన్నాడు నాన్న, గడియారం చూస్తూ.

మూత వేస్తే దరఖాస్తు పోతుందేమోనని తెరిచిన ల్యాప్‌టాప్‌ని పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. వెనక మిరపకాయల బస్తాలు, ముందు నా తుమ్ములు. పక్కనున్న పెద్దావిడ జాలిగా చూసింది.

"ఏం బాబూ, ఏడుస్తున్నావా?"

"ఘాటండీ" అన్నాను. సగం నిజమే.

గుంటూరు బ్రాడీపేటలో రిపేరు షాపు చేరేసరికి అయిదుకి పావుగంట ఉంది. షాపు నడిపేది ఒక మేడమ్. క్లిక్ పడటం లేదంటే, కళ్ళజోడు సర్దుకుని అడిగారు.

"అర్జంటా సార్?"

కంప్యూటర్ మేష్టారు కాబోయేవాణ్ణి, క్లిక్ కోసం ఏడ్చానని ఎలా చెప్పను?

"అబ్బే, అంత అర్జంటేం కాదండీ" అన్నాను.

ఆవిడ నిదానంగా సూది తీసి టచ్‌ప్యాడ్ అంచుల సందులో గీకటం మొదలుపెట్టారు. ఎర్రటి పెచ్చులు రాలుతున్నాయి.

"కారం పడిందా సార్? మన గుంటూరులో మామూలేలెండి."

"కారం కాదండీ, కుంకుమ."

"మరి ఈ జిగురు?"

"నిమ్మరసం."

ఆవిడ సూది కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశారు. "పోపు కూడా పెట్టారా సార్?"

గోడ మీద గడియారం అయిదు దాటింది. నేను మాత్రం నవ్వుతూనే ఉన్నాను. అయిదుంపావుకి ఆవిడ "అయిపోయింది" అని తెర మీదున్న సబ్మిట్ నొక్కి చూపించారు. టక్! 'దరఖాస్తుల గడువు ముగిసినది.'

"అయ్యో, ఇదా సంగతి! ముందే చెప్పొద్దా సార్? ట్యాబ్ కొట్టి ఎంటర్ నొక్కితే వెళ్ళిపోయేది. ఇంట్లోనే అయిపోయేది కదండీ!"

ఆవిడ తెర మీదికి వంగి నా దరఖాస్తు పైకి చదివారు.

"'ప్రత్యేక నైపుణ్యం: మౌస్ ముట్టకుండా కీబోర్డుతోనే సమస్త పనులూ చేయగలను.' ఇది రాసింది మీరేనా సార్?"

అక్కడే ఆ టచ్‌ప్యాడ్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ యంత్రానికీ నుదురు వెతకను. నిమ్మకాయ పులిహోరకే, కుంకుమ దేవుడికే. సాక్ష్యం చెబుతున్నట్టు నా చేతి కింద టచ్‌ప్యాడ్ టక్కుమని క్లిక్ అయింది.