అరిచే వేషం

ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు అమ్మే ఆ కంపెనీలో ఫిర్యాదుల విభాగం మూడో అంతస్తులో ఉంది. అక్కడ కిటికీ పక్క సీటు కోసం ఎవరూ పోటీ పడరు. ఆ కిటికీ తెరుచుకోదు. చాలా ఏళ్లుగా ఆ సీట్లో కూర్చుంటున్న మనిషిని ఆఫీసంతా సారీ గారనే పిలుస్తుంది.

అతని పని తిట్లు తినడం. చల్లబడని ఫ్రిజ్ గురించి, నీళ్లు కారే మిషన్ గురించి, వస్తానని రాని మెకానిక్ గురించి జనం ఫోన్ చేసి అతని ఏడు తరాలనూ పలకరిస్తారు. అతను "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అని మెత్తగా అనాలి. గొంతు పెంచితే జీతంలో కోత పడుతుంది. అతనికి ఎప్పుడూ పడలేదు. ఇంటి అప్పు వాయిదా, చెల్లెలి నర్సింగ్ చదువు, నాన్న మందులు, అన్నీ ఆ మెత్తదనం మీదే నడుస్తున్నాయి.

ఈమధ్య కొన్ని తేడాలు కనిపించసాగాయి. పాలు పొంగిపోతే స్టవ్వుకి క్షమాపణ చెప్పాడు. భార్య బలవంతం మీద డాక్టరు దగ్గరికి వెళ్తే, "నిద్ర పడుతోందా?" అన్న ప్రశ్నకి "మీ సమయానికి ధన్యవాదాలండీ" అన్నాడు. డాక్టరు కొన్నాళ్లు పని మానేయమని సలహా ఇచ్చి, పని మానేస్తే కట్టలేనంత ఫీజు తీసుకున్నాడు.

అతని ప్రాణం మాత్రం ఆదివారాల్లో ఉంది. ఒక ట్యుటోరియల్ గదిలో, పిల్లల బెంచీలు గోడకి జరిపి, పదిమంది కలిసి నాటకం వేస్తారు. దర్శకుడు రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఇన్నేళ్లూ అతనికి కబురు తెచ్చేవాడి వేషం, తలుపు తీసేవాడి వేషం, ఒకసారి శవం వేషం దక్కాయి. ఈసారి మాస్టారి వెంట కాళ్లరిగేలా తిరిగి ఇంటి యజమాని వేషం సంపాదించాడు. అద్దెకున్న కుటుంబాన్ని సామానుతో సహా వీధిలోకి గెంటేసే మనిషి. చివరి రంగంలో ఊపిరి తిప్పుకోకుండా అరవాలి. అరిచినందుకు డబ్బులివ్వరు, నిజమే. కానీ అరిచినందుకు డబ్బులు కోయని చోటు అతనికి తెలిసినంతలో అదొక్కటే.

తీరా చూస్తే అరుపు రాలేదు.

"నువ్వు అరుస్తుంటే పక్కింట్లో ఎవరో అరుస్తున్నట్టుంది నాయనా" అన్నారు మాస్టారు.

"ఇంట్లో సాధన చేస్తానండీ."

ఇంట్లో భార్య కూరగాయల కత్తి పక్కన పెట్టి, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. "కానివ్వండి. నన్ను గెంటేయండి చూద్దాం."

అతను గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. "బయటికి నడువు" అన్నాడు.

"చెప్పులు వేసుకుని రానా, ఆటో పిలుస్తారా?"

"నవ్వకే. నవ్వితే నాకు కోపం రాదు."

"పెళ్లయి ఇన్నేళ్లయింది, నవ్వకపోయినా రాలేదు" అని ఆమె మళ్లీ కత్తి అందుకుంది.

ఒక ఆదివారం ఉదయం షిఫ్టు ముగించుకుని తిన్నగా రిహార్సల్‌కి వచ్చాడు. ఒంట్లో ఓపిక లేదు. అద్దెకున్నవాడిగా వేసే ఎలక్ట్రీషియన్ కుర్రాడు కాళ్ల మీద పడి, "పసిపిల్లతో ఎక్కడికి పోమంటారు?" అని ఏడ్చాడు. అరవాల్సిన చోట అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది: "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ. కాస్త తలుపు వారగా నిలబడండి, మంచం బయటికి రావాలి."

ఎవరూ నవ్వలేదు. ఎలక్ట్రీషియన్ తన తర్వాతి మాట మర్చిపోయాడు. "అన్నా, ఒళ్లు జలదరించింది" అన్నాడు నెమ్మదిగా.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "అదీ! ఇంక అరుపులు తీసేద్దాం. మొత్తం ఇలాగే నడవనీ."

"మాస్టారూ, ఈ గొంతు ఆఫీసుదండీ. నేను అరుద్దామనే ఈ వేషం..."

"అరిచేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారయ్యా."

మానేద్దామా అనుకున్నాడు. మానేస్తే మళ్లీ శవం వేషమే మిగులుతుంది. చివరికి ఒక నిర్ణయానికి వచ్చి, భార్యకి మాత్రం చెప్పాడు: రిహార్సల్స్‌లో మాస్టారు చెప్పినట్టే చేస్తాడు, అసలు నాటకం రోజున మాత్రం అరుస్తాడు. జనం ముందు లేచి ఎవరూ ఆపలేరు కదా.

"అరవండి" అంది ఆమె. ఈసారి నవ్వలేదు. "ముందు వరసలో కూర్చుంటాను."

హాలు సగం పైగా నిండింది. చివరి రంగం వచ్చింది. ఎలక్ట్రీషియన్ కాళ్ల మీద పడ్డాడు. అతను గుండె నిండా గాలి పీల్చుకుని, నోరు తెరిచాడు. ముందు వరసలో భార్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చూస్తోంది. తెరిచిన నోట్లోంచి కేక బయల్దేరలేదు. ఎన్నో ఏళ్లుగా ఆ దారిన ఏదీ బిగ్గరగా నడవలేదు. దానికి దారి తెలియలేదు.

"మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అన్నాడు.

తెర పడ్డాక చప్పట్లు చాలాసేపు ఆగలేదు. మాస్టారు కౌగిలించుకుని, ఇక ముందు ఏ దుర్మార్గుడి వేషమైనా అతనిదేనని మాట ఇచ్చారు.

బయట ఆటోలో భార్య అడిగింది. "అరుస్తానన్నారుగా?"

"రాలేదే."

"నాకు భయమేసింది తెలుసా" అంది ఆమె, కాస్త పక్కకి జరిగి కూర్చుంటూ.

మర్నాడు పొద్దున్న మొదటి ఫోన్ ఒక వాషింగ్ మిషన్ గురించి. అవతలి మనిషి అతని పుట్టుకని, చదువుని, కంపెనీని కలిపి కడిగేశాడు. అతను అంతా విని, రోజూ అనే మాటే అన్నాడు. మాట అదే, కానీ గొంతు మాత్రం నిన్న స్టేజీ మీదిదని అతనికే తెలిసింది.

"అండీ... నేను కాస్త తొందరపడ్డాను" అన్నాడు ఆ మనిషి, గొంతు తగ్గించి. "తప్పు నాదే. మెకానిక్ వీలున్నప్పుడే రానివ్వండి. ఏమీ అనుకోకండి, క్షమించండి."

సారీ గారు హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు. కోపంగా ఉన్నవాడికి ఏం చెప్పాలో, ఏడ్చేవాడికి ఏం చెప్పాలో, బూతులు తిట్టేవాడికి ఏం చెప్పాలో ట్రైనింగులో అన్నీ నేర్పారు. క్షమించమన్నవాడికి ఏం చెప్పాలో నేర్పలేదు. వినేవాళ్లెవరూ లేరు కదా అని అటూ ఇటూ చూసి, "సరే, ఈసారికి వదిలేస్తున్నాను" అన్నాడు.