నడిచొచ్చిన గోడలకు సీను రాసిన కథ

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు. అప్పటికి నేను హైదరాబాదులో స్క్రీన్‌ప్లే రచయితను. అంటే కథను తెరకు తగినట్టు సీన్లుగా మలిచే పని. ఒకరోజు మా డైరెక్టర్ ఒక సన్నటి నవల నా చేతిలో పెట్టాడు.

రాసింది మహబూబ్‌నగర్ దగ్గరి పల్లెకు చెందిన బాలయ్య. ఏళ్ల తరబడి బొంబాయిలో తాపీ పని చేసి తిరిగొచ్చిన మనిషి. నవలలోనూ ఒక మేస్త్రీ సొంతూరికి చేరతాడు. అతను పరాయి ఊళ్లలో కట్టిన గోడలు ఒక్కొక్కటే నడిచొచ్చి ఇంటి ముందు నిలబడతాయి. ఎందుకొచ్చాయో పుస్తకంలో ఎక్కడా ఉండదు.

ముందు వన్‌లైన్ ఆర్డర్, అంటే సీనుకు ఒక వాక్యం చొప్పున వరుస, రాసుకున్నాను. మొదటి గోడ వచ్చే చోటే చిక్కుపడ్డాను. గోడ నడుస్తుంటే భయం కాదు, నవ్వొస్తోంది. నెల గడిచింది. డైరెక్టర్ విసిగిపోయి, "మేస్త్రీకి వచ్చిన కల అని చెప్పేద్దాం" అన్నాడు.

ఆ మాట విని బాలయ్య ఫోన్లో నెమ్మదిగానే చెప్పాడు. "గవి కలలు కావు మేడం. నా చేతులతోని కట్టినయి. కల అంటే నా పుస్తకం నాకిచ్చేయుండ్రి."

డైరెక్టర్‌ను వారం గడువు అడిగి బాలయ్య ఊరికి వెళ్లాను. బాలయ్య ఇంట్లో లేడు. ఆయన భార్య ఎల్లమ్మ వాకిట్లో పేడ కలుపుతోంది. ఆమెకు చదువు రాదు, నవల సంగతి తెలియదు. నాకు వేరే దారి తోచక అడిగాను.

"పెద్దమ్మా, పెద్దాయన బొంబాయిల కట్టిన గోడ పొద్దున లేచేసరికి నీ వాకిట్ల నిలబడితే ఏం చేస్తవు?"

ఆమె చేయి ఆపలేదు. "ఏ దిక్కుకున్నది?"

"తూర్పుకు."

"గట్లయితే ఎండ మంచిగ తగుల్తది. పిడకలు కొడ్త."

"భయం కాదా?"

"భయమెందుకు బిడ్డా? ఇన్నేండ్లు ఎవలెవల ఇండ్ల కాడనో ఉన్నది. గిప్పుడు ఇంటికొచ్చింది."

అక్కడే అరుగు మీద కూర్చుని ఆ సీను రాశాను. గోడ నడవదు. తెల్లవారేసరికి ఉంటుంది. ఇంటావిడ దాని చుట్టూ తిరిగి, అరచేత్తో తట్టి చూసి, పిడక కొడుతుంది. ఆపైన సినిమా మొత్తంలో గోడలను చూసి ఆశ్చర్యపోయే మనిషి ఒక్కరూ లేకుండా చూసుకున్నాను. డైరెక్టర్ రెండుసార్లు చదివి, "కల తీసెయ్" అన్నాడు. స్క్రీన్‌ప్లే దగ్గర నా పేరు పక్కనే ఎల్లమ్మ పేరు ఉండాలని పట్టుబట్టి వేయించాను.

సినిమా పూర్తయ్యాక ఆ ఊరి బడిలోనే వేశాం. గోడ కనిపించినప్పుడు ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక ముసలి మేస్త్రీ మాత్రం, "గోడ జర ఒరిగింది బాలయ్యా" అన్నాడు.

"బొంబాయి కెల్లి నడిచొచ్చింది గద. ఒరగదా?" అన్నాడు బాలయ్య.

నిజమేనన్నట్టు అందరూ తలూపారు. నా పనికి చప్పట్లు చాలాసార్లు విన్నాను గానీ, ఆ తలూపడం ఇచ్చినంత గర్వం నాకు ఇంకేదీ ఇవ్వలేదు. వింతను నమ్మించడానికి నేను అంతవరకూ వింతనే పట్టుకుని కుస్తీ పట్టాను. దాని పక్కన బతకాల్సిన మనిషిని ముందు అడగాలని ఆ ఊళ్లో నేర్చుకున్నాను.