మేస్త్రీగారి పాముచెవులు

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. పాముచెవుల మేస్త్రీ అంటే చాలు, కార్ల షెడ్డు దాకా దారి చూపిస్తారు. కారింకా వీధి మలుపులో ఉండగానే, వేరే బండి కింద వెల్లకిలా పడుకుని బోల్టు విప్పుతూ, "బెల్టు పోయింది, లోపలికి రమ్మనండి" అనేవాడు. బానెట్ ఎత్తకుండా రోగం చెప్పడం ఆయన పద్ధతి. "ఎత్తి చూసేవాడు మెకానిక్కు, విని చెప్పేవాడు మేస్త్రీ" అని ఆయనే ఒక సామెత కట్టాడు. ఇంకెవరూ దాన్ని వాడిన దాఖలా లేదు.

ఇంజన్ ముందు వైపు పుల్లీలన్నిటినీ చుట్టుకుని ఒక నల్ల రబ్బరు బెల్టు తిరుగుతూ ఉంటుంది. బ్యాటరీకి కరెంటు పంపే ఆల్టర్నేటరు, నీళ్ళ పంపు, స్టీరింగుని తేలిక చేసే పంపు, ఏసీ అన్నీ దాని మీదే నడుస్తాయి. ప్రతి ఇంట్లోనూ ఇలా చాకిరీ చేసే మనిషి ఒకరుంటారు, అరిచేదాకా ఎవరూ పట్టించుకోరు. బెల్టు పాతబడినా, దాన్ని బిగించి పట్టే టెన్షనర్ వదులైనా కీచుమంటుంది. మేస్త్రీగారి కీర్తి అంతా ఆ కీచు మీదే నిలబడింది.

ఆ కీచు ఆయనకి వినబడటం మానేసి చాలాకాలమైంది. అసలు సంగతి అదీ.

చెవులు పూర్తిగా పోలేదు. సుత్తి దెబ్బలు, లారీలు, బావమరిది నవ్వు లాంటి లావు శబ్దాలు బాగానే వినబడుతున్నాయి. సన్నవే ఎగ్గొట్టాయి. మొదట్లో లోకంలో బెల్టులన్నీ బాగుపడ్డాయని సంబరపడ్డాడు కూడా. ఇంట్లో కుక్కర్ కూత వినబడకపోతే దాని గొంతు పోయిందన్నాడు. తర్వాత ఒకరోజు షెడ్డు గోడ మీద పిట్ట కూర్చుని నోరు తెరుస్తోంది, మూస్తోంది, పాట మాత్రం రావట్లేదు. పిట్టక్కూడా గొంతు పోయిందనడానికి ఆయనకే మొహం చెల్లలేదు. లోపం తన చెవుల్లోనే ఉందని ఆరోజు తనలో తానే ఒప్పుకున్నాడు.

ఆదుకున్నది భార్య ముఖం. ఆవిడ షెడ్డు పక్క గదిలోనే కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. మధ్యలో తలుపు లేని గుమ్మం. బెల్టు కీచుమన్నప్పుడల్లా ఆవిడకి పళ్ళు పులిసినట్టయి, ఒక కన్ను మూసుకుపోయి, భుజం చెవి దాకా లేచిపోతుంది. మేస్త్రీ అది కనిపెట్టాడు. అప్పట్నుంచి బండి రాగానే మహా ఆలోచనలో ఉన్నట్టు కళ్ళు మూసుకుని, ఒక కంటిని సన్నగా తెరిచి గుమ్మం వైపు చూసేవాడు. ముఖం ముడుచుకుంటే బెల్టు, లేకపోతే మరోటి. ఒక్కసారీ గురి తప్పలేదు. పెళ్ళాం ముఖం చదివి బతికే మగవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారుగానీ దాన్ని వృత్తిలోకి దింపినవాడు ఈయనొక్కడే. ఈ గుట్టు ఎవరికీ తెలియదని, అందులోనూ ఆవిడకి అసలే తెలియదని ఆయన ధీమా.

అలాంటి సమయంలో భార్య తన చెల్లెలి పురిటికని పొరుగూరు వెళ్ళింది. తిరిగి తీసుకురావడానికి బయల్దేరిన బావమరిది దారిలో షెడ్డు ముందు కారాపాడు.

"బావా, పొద్దున్నుంచీ పిల్లి తోక తొక్కినట్టు అరుస్తోంది. ఓసారి చూడు."

మేస్త్రీ కళ్ళు మూశాడు. ఒక కన్ను తెరిచాడు. గుమ్మంలో గుడ్డ కప్పిన కుట్టుమిషన్ ఉంది. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. బానెట్ ఎత్తితే చాలు, బెల్టు పగుళ్ళు కంటికే కనబడతాయి. కానీ ఈ బావమరిది ముందు ఎత్తడమా? వీడు బావ పెళ్ళిపీటల మీద ఉన్నప్పట్నుంచే ఆయన చెవుల మీద జోకులేసినవాడు. ఈ అరుపు కూడా తనని పరీక్షించడానికి అల్లిందేమో. రేపటికల్లా వీధంతా చాటింపు వేస్తాడు.

"బెల్టు కాదురా. సీటు స్ప్రింగు."

"స్ప్రింగు పిల్లిలా అరుస్తుందా బావా?"

"నీ బరువుకి పులిలా అరవాలి. వెళ్ళు."

బావమరిది నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మేస్త్రీకి మాత్రం ఆ తర్వాత పని సాగలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆ కార్లో ఉండేది ఎవరో ఆయనకి తెలుసు. రెండుసార్లు ఫోన్ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పరువు అడ్డొచ్చింది. మధ్యాహ్నం జేబులో ఫోనే వణికింది.

"బావా, నీ సీటు స్ప్రింగు తెగి రోడ్డు మీద పడింది. నల్లగా, పొడుగ్గా ఉంది."

"మీ అక్కో?"

"బానే ఉంది. మలుపులో స్టీరింగు బండరాయిలా బిగుసుకుపోతే మట్టిదిబ్బ ఎక్కించి ఆపా. ఇంకాస్త ముందుకెళ్తే కాలవే."

కొత్త బెల్టు మెడలో దండలా వేసుకుని, టెన్షనర్ సంచిలో పడేసి, స్కూటర్ మీద ఎలా వెళ్ళాడో ఆయనకే తెలియదు.

భార్య రోడ్డు పక్క సిమెంటు దిమ్మ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పలకరించలేదు. మేస్త్రీ తలెత్తకుండా పనిలోకి దిగాడు. పాత టెన్షనర్ వేలితో నొక్కితేనే లొంగిపోయింది. దాన్ని మార్చాడు. పుల్లీలు చేత్తో తిప్పి చూశాడు. కంగారుగా బెల్టు ఎక్కించేటప్పుడు అది ఒక పుల్లీ మీద గాడి తప్పి పక్క గాడిలో కూర్చుంది. ఆయన గమనించలేదు.

"స్టార్ట్ చెయ్యరా!"

ఇంజన్ తిరిగింది. మేస్త్రీ కళ్ళు మూసి, ఒకటి సన్నగా తెరిచాడు. భార్య ముఖం ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది. ఆయన ప్రాణం లేచొచ్చింది.

"చూశావా! వెన్నలా తిరుగుతోంది!"

"బావా..." అన్నాడు లోపల్నుంచి బావమరిది.

"నువ్వు నోర్ముయ్. ఆయన్నే చెప్పనీ" అంది ఆవిడ.

మేస్త్రీ మళ్ళీ చూశాడు. ముఖంలో ఒక్క మడతా లేదు. కానీ చెప్పుల్లో ఆవిడ కాలివేళ్ళన్నీ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ఆయన కాసేపు ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. బావమరిది తల బయటపెట్టి చూస్తున్నాడు. చూస్తే చూశాడు.

"అరుస్తోందా?" అని అడిగాడు. జీవితంలో ఆ మాట ఒకరిని అడగడం అదే మొదలు.

"చచ్చేట్టు అరుస్తోంది" అంటూ ఆవిడ బిగబట్టిన ముఖమంతా ఒక్కసారి ముడిచేసింది.

"మా అక్క కంటే కాస్త తక్కువలే బావా."

ఇంజన్ ఆపి, ఒక్కో గాడినీ వేలితో తడిమి, బెల్టు సరిగ్గా కూర్చోబెట్టాడు మేస్త్రీ. మళ్ళీ స్టార్ట్ చేయించి, ఈసారి దొంగచూపు చూడకుండా నేరుగా అడిగాడు. "ఇప్పుడు?"

"లేదు."

ఆయన చేతులు తుడుచుకుంటూ దిమ్మ మీద పక్కన కూర్చున్నాడు. "ఎప్పట్నించి తెలుసే నీకు?"

"ఎప్పట్నించేంటయ్యా! బెల్టు అరిస్తే ఎవరికైనా అంత వికారంగా ముడుచుకుపోతుందా ముఖం? నీ కంటికి ఆనాలని కాస్త ఎక్కువే పెట్టేదాన్ని. ఆ కాలవ చూశాక ఇంక పెట్టకూడదనుకున్నా."

"అసలెలా తెలిసింది?"

"నువ్వు నన్ను చూడ్డం మొదలెట్టావుగా. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో పని మధ్యలో తలెత్తి నా వైపు చూసిన పాపాన పోయావా?"

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్తే మళ్ళీ చూడ్డం మానేస్తావని."

మేస్త్రీ తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకున్నాడు. బావమరిది కారు దిగి వెళ్ళి బాగున్న టైరునే కాలితో తన్ని చూస్తూ నిలబడ్డాడు.

ఇప్పుడు షెడ్డుకి బండి వస్తే మేస్త్రీ బానెట్ ఎత్తి, టార్చి వేసి, మెకానిక్కులందరిలాగే బెల్టు పగుళ్ళు చూస్తాడు. తర్వాత బండివాడు వింటుండగానే గుమ్మం దాకా వెళ్ళి "అరుస్తోందా?" అని అడుగుతాడు. షెడ్డులో బండేదీ లేనప్పుడు కూడా అప్పుడప్పుడూ వెళ్తాడు. ఆవిడ మిషన్ ఆపకుండానే ముఖం ముడిచి చూపిస్తుంది.