లిఫ్టు గేటు మీదికి నెట్టిన నేరం

తొమ్మిదేళ్లుగా ఈ మాట గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం తింటున్నా తగులుతుంది. నా పేరు చెప్పను. బందరులో ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. అప్పట్లో దానికి నేను సెక్రటరీని, తెలుగు మాస్టారుగా రిటైరైనవాణ్ణి. అంతవరకు తెలిస్తే చాలు.

మా లిఫ్టుకు ఇనుప కటకటాల గేటు ఉండేది, చేత్తో లాగి మూసేది. ఉప్పుగాలికి అంతా తుప్పు పట్టి, లిఫ్టు ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. మోకాలి ఆపరేషన్ అయిన నా భార్య అది ఎక్కడానికి భయపడి, నాలుగో అంతస్తులోనే ఉండిపోయింది. కొత్త లిఫ్టుకు అందరూ డబ్బు వేసుకోవాలని నోటీసు పెట్టాను. "లిఫ్టు చందా" అని రాశాను. వాటా అని రాయాల్సింది.

ఆదివారం పొద్దున మీటింగు. కింది ఫ్లాటు రహీం భాయ్ లేచాడు. రోల్డ్‌గోల్డ్ దుద్దుల్లో రాళ్లు పొదిగే పనివాడు ఆయన.

"చందా అని మీరే రాశారు కదా మాస్టారూ. చందా అంటే ఇష్టమైనోళ్లు ఇచ్చేదండీ. పీర్ల పండక్కి మీరిచ్చారు, చవితి పందిరికి నేనిచ్చాను. ఒకళ్ల పీక మీద ఒకళ్లం కూర్చోలేదుగా! కింద ఉండేవాణ్ణి, నాకు లిఫ్టెందుకండీ?"

అందరూ నవ్వారు. మిగతావాళ్లు కూడా "అవునుగా, చందాయేగా" అనడం మొదలుపెట్టారు. ముప్పయ్యేళ్లు పిల్లల తెలుగు దిద్దినవాణ్ణి. నలుగురిలో నా మాటను దిద్దాడు. ఒళ్లు మండిపోయింది. ఏదీ తేలకుండానే లేచాం.

లిఫ్టులోకి వెళ్లి గేటు సగం మూశాను. ఆయన గబగబా వచ్చి, కుడిచెయ్యి గేటు చట్రం మీద వేసి, "కోపం పెట్టుకోకండి మాస్టారూ" అన్నాడు. ఆ చెయ్యి నాకు కనబడలేదని చెప్పుకోవడానికి ఏళ్ల తరబడి ప్రయత్నించాను. కనబడింది. గేటు బలంగా లాగాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. ఆయన కేక పెట్టాడు. అప్పుడైనా వెనక్కి తోయొచ్చు కదా? మనిషన్నవాడు తోస్తాడు. నేను పళ్లు బిగించి, రెండు చేతులతో మళ్లీ లాగాను. ఆ క్షణం నాకు భయం లేదు, జాలి లేదు. హాయిగా ఉంది. ఈ ఒక్క మాట రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

రక్తం నా చొక్కా మీద చిమ్మాక గానీ తెలివి రాలేదు. జనం పరిగెత్తుకొచ్చారు. "గేటు జారింది" అని అరిచింది నేనే. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లిందీ నేనే. దారంతా ఆయన నా ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు. ఏం చూశాడు? చూపుడువేలు, నడిమివేలు తీసేశారు.

వారం తిరగకముందే మళ్లీ మీటింగు పెట్టాను. ఈ గేటు మనుషుల్ని తినేస్తోందన్నాను. ఈసారి అందరూ డబ్బు వేశారు. రహీం భాయ్ భార్య కూడా తెచ్చి నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను, రశీదు రాశాను. కొత్త లిఫ్టులో మొదటిసారి కిందికి దిగిన రోజున నా భార్య, "పాపం, ఆయన వేళ్ల పుణ్యమా అని" అంది. నేను తల ఊపాను.

ఆయన పనిముట్లు అమ్మేశాడు. ఇప్పుడు గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీకి వాచ్‌మన్.

నిన్న మళ్లీ మీటింగు. పిల్లర్లు బీటలు తీశాయి, అందరూ డబ్బు వెయ్యాలి. సెక్రటరీగా ఎవరుండాలన్న మాట రాగానే రహీం భాయ్ లేచాడు.

"మాస్టారే ఉండాలండీ. ఆ రోజు నన్ను కాపాడింది ఆయనేగా."

చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి అందరికీ దణ్ణం పెట్టాను. ఆయనకు నిజంగా తెలియదా? తెలిసే అన్నాడా? ముఖం చూసి తెలుసుకునే ధైర్యం లేకపోయింది.

చెప్పాల్సింది ఆయనకు. చెప్పలేక మీకు చెబుతున్నాను. కాస్త తేలికైంది. ఆయన వేళ్లు రావు, అయినా నాకు తేలికైంది. అందుకూ సిగ్గుగానే ఉంది.