నెయ్యి మానేసిన వేసవి

మా ఆయన రైలింజను నడిపేవారు. రాయపూర్‌లో రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. ఆ వేసవిలో రక్తపరీక్ష చేయిస్తే ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, బాగా పెరిగాయన్నారు. షుగరు కూడా గుమ్మందాకా వచ్చింది. వానాకాలంలో రైల్వేవాళ్ల మెడికల్ పరీక్ష ఉంది. అందులో తప్పితే ఇంజను మీంచి దింపేసి ఆఫీసులో కూర్చోబెడతారు. ఇంజను లేకపోతే ఆ మనిషి ఎంత చిన్నబోతారో నాకు తెలుసు.

కొవ్వు అన్నారు కదా అని నెయ్యి డబ్బా అటకెక్కించాను. వేపుళ్లు బంద్. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ, "బాసీ ఖిలావ్ బహన్, తేల్ కీ ఏక్ బూంద్ నహీ" అంది. బాసీ అంటే మన చద్దన్నమే, అది పెట్టమంది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నే ఉల్లిపాయ కొరుక్కుంటూ గిన్నెడు లాగించేవారు. మధ్యాహ్నం చారుతో ఇంకో గుట్ట. చుక్క నూనె లేదుగా అని నేనే మారు వడ్డించేదాన్ని.

మళ్లీ పరీక్ష చేయిస్తే కొవ్వు ఇంకా పెరిగింది! దేవేంద్ర నగర్‌లో డాక్టరమ్మ ముందే ఆయన నామీద ఎగిరారు.

"నెయ్యి మానీసేను, నూనె మానీసేను. ఇంకేటి మానీమంటావే, ఊపిరా?"

తెలుగు రాకపోయినా ఆవిడకి నవ్వొచ్చింది. "చావల్ కిత్నా ఖాతే హై?" అని, అన్నం ఎంత తింటారో అడిగింది. ఆయన చేత్తో గుట్ట చూపించారు. అప్పుడు విడమరిచి చెప్పింది. ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేస్తే, తిన్న అన్నం ఖర్చు కాక మిగిలిపోతుందట. మిగిలినదాన్ని లివరు కొవ్వుగా మార్చి రక్తంలోకి తోస్తుందట. అది పెరిగితే మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుందట. అన్నం తగ్గించి, పప్పూ కూరా పెంచి, రోజూ నడవమంది.

ఏ పాపమూ ఎరగని నెయ్యిని అటకెక్కించానా! నాకు ఒళ్లు మండింది.

ఇక అన్నం గరిట నా చేతిలోనే ఉంచుకున్నాను. సాయంత్రాలు ఇద్దరం నడకకి బయల్దేరేవాళ్లం. బండి నడిపే మనిషికి రెండు వీధులు దాటేసరికి ఆయాసం. నేను ముందు నడుస్తూ వెక్కిరిస్తే, పంతానికి నన్ను దాటిపోయేవారు.

మెడికల్ రోజు నాకు వంట మీద చెయ్యి ఆడలేదు. ఆయన గేటు తీస్తూనే "పాసయిపోనానే!" అని అరిచారు. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

బండెక్కమని పండగపూట కూడా మోగే ఆ డ్యూటీ ఫోనుని ఇన్నేళ్లూ నేను తిట్టని రోజు లేదు. ఆ సాయంత్రం అది మోగితే ఆయనకంటే ముందు నేనే పరిగెత్తి అందుకున్నాను. "ఆ రహే హై, అభీ ఆ రహే హై" అన్నాను, ఇదిగో వచ్చేస్తున్నారని.