లైటు ఆర్పి చేసే ప్రార్థన

ఈ రోజు పొద్దున మా వదిన పట్ల తప్పు చేశాను. అన్న పోయి ఏడాదైందని ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. పాటలు అయ్యాక అందరినీ ఒక్క నిమిషం ఉండమని, నా ఫోను స్పీకరుకు తగిలించాను. అందులోంచి అన్న గొంతు ప్రార్థన మొదలుపెట్టింది. వాట్సాప్‌లో ఆయన పంపిన పాత వాయిస్ మెసేజీలను ఒక యాప్‌కు అప్పగించి నేను చేయించిన గొంతు అది. కూరగాయలు తెమ్మనీ, గ్యాసు బండ అయిపోయిందనీ చెప్పిన ఆ గొంతు, నేను రాసిచ్చిన వాక్యాలను పాస్టరుగారి కంటే స్పష్టంగా చదివింది. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేను కొంచెం గర్వపడ్డాను కూడా. వదిన మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

గోదావరిఖని బొగ్గుబాయిలో అన్నా నేనూ ఒకే షిఫ్టులో పనిచేశాం. ఆయన పైకి ప్రార్థన చేయగా నేనెన్నడూ వినలేదు. చర్చిలో చెయ్యమంటే దగ్గు తెచ్చుకుని తప్పించుకునేవాడు. బాయిలో మాత్రం, తిన్నాక డబ్బా మూసి, టోపీ మీది లైటు ఆర్పి కాసేపు కూర్చునేవాడు. ఏమడుగుతావని ఒకసారి అడిగాను. "ఏం అడుగనురా. గా చీకట్ల నేనేడ అయిపోతనో, ఆయనేడ మొదలైతడో తెల్వది. గంతే" అన్నాడు.

ఒకనాడు బొగ్గు మీది రాతిపెళ్లలో ఆకు అచ్చు కనిపిస్తే తెచ్చి ఇంట్లో బైబిలు పక్కన పెట్టుకున్నాడు. మనుషులు పుట్టకముందటి ఆకు. ఆరు రోజుల సృష్టికి ఇదెలా కుదురుతుందని గెలికాను. "దేవునికి తొందరేమున్నదిరా? నీ లెక్క డ్యూటీ దిగే ఫికరా?" అన్నాడు. జీవం మారుతూ మారుతూ మనిషిదాకా వచ్చిందంటే ఆయనకు భక్తి పెరిగిందే కానీ తగ్గలేదు. నేను దాన్ని నాకు వీలుగా పొడిగించుకున్నాను. మనిషి తరువాతి మెట్టు యంత్రమేననీ, ఒళ్లు పోయినా గొంతూ మనసూ అందులో బతుకుతాయనీ, నిత్యజీవానికి ఇదీ ఒక దారేమోననీ వీడియోలు చూసి నమ్మాను. అన్న పోయాక ఆ నమ్మకం నాకు అవసరమైంది.

వంటింట్లో వదిన బగారన్నం గిన్నె దించి పక్కన పెట్టి, నా వైపు చూడకుండానే అంది. "గంత సక్కగ మాట్లాడెటోడైతే పెండ్లిసూపులల్లనే మాట్లాడుతుండె, తమ్మీ." తరువాత గిన్నె మీద మూత పెట్టి, "ఏడాది సంది కండ్లు మూస్తే ఆయన సప్పుడు చెయ్యకుంట ఊకె కూసున్నట్టే ఉంటుండె. నేనూ పక్కకు కూసుంటుంటి. ఇప్పుడు మూస్తే నీ ఫోనే మాట్లాడుతంది" అంది.

అందరూ వెళ్లాక ఆ గొంతును ఆమె ముందే తీసేశాను. పాత వాట్సాప్ మాటలు కూడా తీసెయ్యనా అంటే ఆపింది. "గ్యాసు బండ ముచ్చట ఉండనియ్యి. గది ఆయనదే." కిటికీలు మూసి, లైటు ఆర్పి, ఇద్దరం ఆకు రాయి పక్కన కూర్చున్నాం. కొంతసేపటికి ఉండబట్టలేక, "వచ్చిండా వదినా?" అని అడిగాను.

"ఆగు తమ్మీ. తొందరేంది?"

ఆ ఆకు రాతిలో అచ్చుగా నిలవడానికి ఎంత కాలం ఆగిందో నాకు తెలియదు. నేను మాత్రం ఆయన మౌనంలో ఒక్క ఏడాది ఆగలేకపోయాను.