నిండని మూట

నోరు ఎంత పెద్దదైతే బుర్ర అంత పెద్దదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఆబిడ్స్‌లో ఒక మేడ మీది చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. ఎనిమిది కంప్యూటర్లను వైర్లతో కలిపి, ఒకే పెద్ద లెక్కను వాటికి పంచి, వంతెనలు ఎంత బరువు మోస్తాయో తేల్చడం మా పని. ఎనిమిది కలిసినా మాకు మాత్రం ఒక్కటే నయమనిపించేది. ఒక్కో యంత్రం చిన్న అంకె తేలగానే పక్కదానికి పంపి, 'అందింది' అనే జవాబు కోసం చేతులు ముడుచుకుని కూర్చునేది. (మా ఇంట పెళ్లి పనులు కూడా ఇలాగే సాగుతాయి.)

పక్క కుర్చీలో నాకన్నా పదేళ్లు పెద్దాయన ఒకరుండేవారు. వాళ్లది ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి వ్యాపారం కాబట్టి ఆఫీసంతా ఆయన్ని మిర్చన్న అనేది. ఆయనది ఏడాది ఒప్పందం. పొడిగిస్తారో లేదో ఆ నెలాఖరుకు తేలాలి.

"ఒక్కో మిరపకాయకు ఒక్కో లారీ పెడ్తమా అమ్మా? అంకెలన్నీ మూట గట్టి ఒక్కసారే పంపాలె," అన్నారాయన. "గని మూట నిండేదాక ఆగితే అవుతలోడు ఖాళీగ కూసుంటడు. జర చూసుకోవాలె."

"ఇది మీ దుకాణం కాదన్నా, కంప్యూటర్," అన్నాను, అందరికీ వినబడేలా. అందరూ నవ్వారు. ఆ ఊపులో మేనేజరుతో వాదించి కొత్త వైర్లు కొనిపించాను. వేగం ఇసుమంతైనా పెరగలేదు.

ఒక ఆదివారం, ఎవరూ లేనప్పుడు, ఆయన చెప్పినట్టే అంకెల్ని మూట కట్టి పంపి చూశాను. పొద్దంతా నడిచే లెక్క, నేను నాంపల్లి వెళ్లి చాయ్ తాగి వచ్చేలోపు అయిపోయింది. సోమవారం మీటింగులో మేనేజరు మెచ్చుకుని, "ఐడియా నీదేనా అమ్మా?" అని అడిగారు. కూరగాయల బండి దగ్గర పావుగంట వాదించగల దాన్ని, అప్పుడు మాత్రం తల వంచుకుని నవ్వాను. (చూసినవాళ్లు వినయమనుకుని ఉంటారు.) మిర్చన్న నావైపు చూడలేదు. నెలాఖరుకు ఆయన ఒప్పందం పొడిగించలేదు. ఆయన కొత్తగా చేసిందేమీ లేదని మేనేజరు అన్నారట. "తొందరగ నడుస్తుంది గద, గంతే చాలు," అని నాతో అని, టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని ఆయన మెట్లు దిగారు.

ఆయన నంబరు ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. నాంపల్లిలో మెట్రో ఎక్కినప్పుడల్లా క్షమాపణ రాయడం మొదలుపెడతాను. ఉత్త 'తప్పైంది' ఏం బాగుంటుందని, వైర్ల సంగతీ మీటింగు సంగతీ అన్నీ కలిపి ఒక్కసారే పంపుదామని, మూట ఇంకా నిండలేదని దాచి పెడతాను. ఆయన మాటలో మొదటి సగమే దొంగిలించాను మరి. రెండో సగం ఆయన చెబుతున్నప్పుడు, నేను అప్పటికే జవాబు వెతుక్కుంటున్నాను.